Re: 1945 మే లండన్ వీధి నమూనాకు ఏ కార్లు?

మీ బొమ్మల వీధికి పెడదామని మీరు ఫొటో పెట్టిన మోరిస్ మైనర్ 1948లో వచ్చింది. ఐరోపాలో యుద్ధం ముగిసిన విజయ దినం 1945 మే 8 కాబట్టి దాన్ని తీసేయండి. ఆస్టిన్ ఏ40 కూడా వద్దు, అది 1947 బండి.

రోడ్డు మీద అప్పుడు తిరిగిన సొంత కార్లలో ఎక్కువ యుద్ధానికి ముందు తయారైన చిన్నవే: ఆస్టిన్ 7, ఆస్టిన్ 10, మోరిస్ ఎయిట్, ఫోర్డ్ ప్రిఫెక్ట్. మోరిస్ ఎయిట్ బొమ్మ కొనేటప్పుడు చూసుకోండి: సిరీస్ ఈ అయితే హెడ్‌లైట్లు మడ్‌గార్డుల్లో కలిసి ఉంటాయి, పాతవాటికి విడిగా నిలబడి ఉంటాయి. రెండూ సరైనవే, ఒక్కోటి పెడితే బాగుంటుంది.

అసలు పొరపాటు కార్ల సంఖ్యలో జరుగుతుంది. సొంత వాడకానికిచ్చే పెట్రోల్ కోటా 1942లో ఆగిపోయి 1945 జూన్‌లో గానీ తిరిగి రాలేదు. చాలా కార్లు షెడ్లలో దిమ్మల మీదే ఉండిపోయాయి. అందుకే 1:43 స్కేలు (అసలులో 43వ వంతు) వీధిలో రెండు కార్లు చాలు. మిగతా చోటు బస్సు, నల్ల టాక్సీ, జీపు, ఆస్టిన్ 10 ఆధారంగా చేసిన చిన్న సైనిక ట్రక్కు 'టిల్లీ'కి ఇవ్వండి.

బ్లాకౌట్‌లో (విమాన దాడుల భయంతో రాత్రిళ్లు దీపాలు ఆర్పేసినప్పుడు) కనబడాలని మడ్‌గార్డు అంచులకు, రన్నింగ్ బోర్డుకు, బంపర్‌కు తెల్ల రంగు వేసేవారు. మీరు 1 మి.మీ. గీత వేసి, ఆరాక సన్న ఎమెరీ కాగితంతో అక్కడక్కడ గీకండి. కొత్తగా మెరిస్తే నమ్మబుద్ధి కాదు.