ఆ తొమ్మిది రూపాయలనూ తోమనివ్వకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అత్తగారి భోషాణంలో గుడ్డమూట కట్టిన 34 వెండి రూపాయలు దొరికాయి. ఆరు 1940 తర్వాతవి, ఒకటి 1911ది, మిగతావి విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి రూపాయలు. పాతవాటిలో తొమ్మిదింటికి అంచుల్లో పసుపు, ఊదా, నీలం రంగులు పట్టాయి. కంసాలి అన్నీ తోమి తూకానికి తీసుకుంటానంటున్నాడు. రంగున్నవాటిని అమెరికా పంపి, అసలువేనని, ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే సర్టిఫికెట్ తెప్పిస్తే మంచి ధర వస్తుందని మా మరిది. జూన్‌లో అమ్మాయి నర్సింగు ఫీజు 30 వేలు కట్టాలి. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, తోమొద్దని కంసాలికి ఇవాళే చెప్పండి. మిగతావన్నీ నెమ్మదిగా తేల్చుకోవచ్చు.

ఆ రంగులు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి, నాణెం మీద సన్నటి పొర కడుతుంది. తడి రోడ్డు మీద నూనె చుక్క పడితే రంగులు కనిపిస్తాయే, అలాంటిదే ఇదీ. పొర మందం పెరిగేకొద్దీ పసుపు, ఎరుపు, ఊదా, నీలం ఒకదాని వెనక ఒకటి వస్తాయి, చివరికి నల్లబడుతుంది. గుడ్డలో, చెక్కపెట్టెలో దశాబ్దాలు కదలకుండా ఉన్న నాణేనికే ఇంత చక్కగా పడుతుంది. ఏ రెండు నాణేలకూ ఒకేలా పడదు. సేకర్తలు మోజుపడేది అందుకే.

మా అమ్మ బరంపురంలో దీపావళికి నాలుగు విక్టోరియా రూపాయల్ని చింతపండుతో తోమి లక్ష్మీపూజలో పెట్టేది. ఆమె పోయాక ఒక సేకర్తకి చూపిస్తే, ఒక్కసారి వెలుగులో తిప్పి చూసి, తోమేశారండీ అని తిరిగిచ్చేశారు. ఆ మాట నాకింకా గుర్తే. తోమితే రంగుతోపాటు టంకశాల నుంచి వచ్చిన అసలు మెరుపూ పోతుంది, మళ్లీ రాదు.

కానీ రంగు ఉంది కదా అని డబ్బు లెక్క వేసుకోకండి. రంగు కింద నాణెం అరగకుండా ఉండాలి. రాణి జుట్టు పాయలు, కిరీటం గీతలు స్పష్టంగా కనిపించాలి. అరిగిపోయిన రూపాయి నల్లబడితే అది ఉత్త నలుపే. గంధకం పొగ పెట్టి, వేడి చేసి దొంగ రంగులు ఎక్కించేవాళ్లూ ఉన్నారు కాబట్టి కొనేవాళ్లు అనుమానంతోనే చూస్తారు. దొంగ రంగు పైన పూసినట్టుంటుంది, అసలుది లోపలి మెరుపుతో కలిసి కదులుతుంది.

ఇక తూకం. 1940కి ముందు రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. 1940 నుంచి వెండి 50 శాతానికి తగ్గించారు, అంటే 5.83 గ్రాములే. రంగున్న తొమ్మిదీ, 1911దీ పక్కన పెడితే మిగిలేవి 24. పాతవి 18, తర్వాతవి ఆరు. మొత్తం వెండి 227 గ్రాముల చిల్లర. ఆ రోజు వెండి ధరతో గుణించి, ఆ కాగితం చేత్తో పట్టుకునే కంసాలి దగ్గరికి వెళ్లండి. అమ్మేముందు ప్రతి నాణెం మీద సంవత్సరం చదవండి. 1939 కనిపిస్తే మాత్రం అమ్మకండి, అది చాలా అరుదు. 1911దాన్ని పంది రూపాయి అంటారు. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవై, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. అందుకే దాన్నీ తూకానికి ఇవ్వొద్దంటున్నాను.

ఫీజు ఈ 24 మీదే పెట్టుకోండి. కాస్త తగ్గితే ఇంట్లో పొదుపులోంచి కలపండి. జూన్ గడువు నెత్తిన పెట్టుకుని రంగు నాణెం అమ్మితే బేరం అవతలివాడి చేతిలోకి పోతుంది.

మరిదిగారితో ఒక మాట చెప్పండి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువే. మనలాంటివాళ్లు దాన్ని దేశం దాటించడం నేరం. కొరియర్‌లో వేసినా సరే. ఒక్క నాణేనికే లక్షలిస్తామని, ముందు కమీషనో పన్నో కట్టమని ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఆ తొమ్మిదింటినీ అంచులు పట్టుకునే ఎత్తండి, బొమ్మ మీద వేలు పడకూడదు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, వాటివల్ల ఆకుపచ్చ జిగురు పడుతుంది. ఒక్కోదాన్నీ విడిగా ఉంచి, డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి. ఫీజు కట్టేశాక, కిటికీ దగ్గర పగటి వెలుగులో రెండు వైపులా ఫోటోలు తీసి నాకు పంపండి, 1911ది కూడా.