మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్: గైడ్ చాలా, మూలం చదవాలా?

డిగ్రీ తెలుగు మాధ్యమంలో చదివి ఎం.ఏ. సోషియాలజీలో చేరానని, సిద్ధాంతాల పేపరుకు గైడ్ సరిపోతుందా, మూలగ్రంథాలు చదవాలా అని అడిగారు. నేనూ అమలాపురం దగ్గరి పల్లె నుంచి అలాగే వెళ్లినవాణ్ణి. పరీక్ష గట్టెక్కడానికి గైడ్ చాలు. సిద్ధాంతం పట్టుబడాలంటే మాత్రం మూలమే చదవాలి. పుస్తకమంతా అక్కర్లేదు, సోషియాలజీకి పునాది వేసిన మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్ ముగ్గురిలో ఒక్కొక్కరివి కొన్ని పేజీలు. వాటిని మీకు బాగా తెలిసిన ఒక్క సంఘటన మీద పెట్టి చూడండి.

నేను ఎంచుకున్నది 2011 సార్వా (ఖరీఫ్). ఖర్చులు పెరిగి, ధర గిట్టక, కోనసీమ రైతులు ఆ ఏడు వరి నాట్లు మానేసి పంట విరామం ప్రకటించారు.

వెబర్ 'ఎకానమీ అండ్ సొసైటీ' మొదటి అధ్యాయంలో అంటాడు: వాన మొదలవగానే వీధిలో అందరూ ఒకేసారి గొడుగులు తెరిస్తే అది సామాజిక చర్య (ఎదుటివారిని దృష్టిలో పెట్టుకుని చేసే పని) కాదు, ఎవరికి వారు తడవకుండా చూసుకుంటున్నారంతే. ఇది చదివాక మా ఊరు నాకు రెండుగా కనిపించింది. మురుగు దిగని పల్లపు చేలో నష్టం లెక్కవేసుకుని ఊరుకున్న రైతు గొడుగు తెరిచినవాడే. పక్కవాడూ మానేస్తాడన్న నమ్మకంతో, ప్రభుత్వం దిగిరావాలని ఆపినవాడిది సామాజిక చర్య. గట్టు మీద నిలబడి చూస్తే రెండూ బీడు పొలాలే. నేను కొన్న గైడ్‌లో ఈ గొడుగులు లేవు, నాలుగు రకాల చర్యల పట్టిక ఉంది.

డర్క్‌హైమ్ దగ్గర తొందరపడవద్దు. చుట్టూ అందరూ మానేస్తే ఒక్కడి చేను మీదే ఎలుకలు పడతాయి కాబట్టి అతనూ మానేశాడని రాస్తే, అది ఎలుకల ఒత్తిడి. నాటితే ఊళ్లో తలెత్తుకోలేనన్న జంకు ఉందే, 1895లో ఆయన చెప్పిన సామాజిక వాస్తవం, అంటే మనిషిని బయటినుంచి కట్టడి చేసే సమాజపు ఒత్తిడి, అది.

మార్క్స్‌ను 'పెట్టుబడి'తో మొదలుపెట్టకండి. మొదటి అధ్యాయమే చాలామందిని వెనక్కి పంపుతుంది. 'లూయీ బోనపార్ట్ ఎయిటీన్త్ బ్రుమేర్' చివరి భాగం చదవండి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే వచ్చింది. ఫ్రాన్స్ చిన్నకారు రైతులను బస్తాలోని బంగాళాదుంపలతో పోల్చి, తమ వర్గ ప్రయోజనాన్ని వాళ్లంతట వాళ్లు నిలబెట్టుకోలేరంటాడు. మరి కోనసీమ రైతులు ఎలా కలిశారు? కలిసినవారిలో సొంత భూమి ఉన్నవారెవరు, కౌలుదారులెవరు? నాట్లు ఆగి కూలి పోగొట్టుకున్న ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? నా సెమినార్ పత్రం సగం ఈ ప్రశ్నలతోనే నిండింది.

సిలబస్‌లో వచ్చే తొలితరం సోషియాలజిస్టులు కామ్టే, స్పెన్సర్‌లకు గైడ్ చాలు, మొహమాటం అక్కర్లేదు. ఇంగ్లిషు కష్టమైతే ఒక్కో పేరా చదివి, పుస్తకం మూసి, మీ తెలుగులో రాసుకోండి. పరీక్ష ఇంగ్లిషులో రాయాల్సి వచ్చినా ఆ నోట్సు నుంచే జవాబులు తయారుచేసుకోవచ్చు.