నెలకు నలభై వేలు అన్నారటగా, నాన్నా

చిన్నా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎలక్ట్రికల్ కంపెనీలో సేల్స్ ఇంజినీరు, ఊరు బెంగళూరే, ఏరియా చిక్‌పేట నుంచి పీణ్య దాకా, నెలకు నలభై వేలు! కదిరిలో మీ వీధి మొత్తానికి అప్పుడే చెప్పేసి ఉంటుంది. నాకూ సంతోషమే రా. ట్రిపుల్ ఈ చదివి, ఆ చదువుకు దగ్గరగా ఉండే పని పట్టుకున్నవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది? కానీ ఆ 'నలభై వేలు' విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. మీ పెద్దమ్మ పని ఏమిటో నీకు తెలుసు కదా. సేల్స్ పిల్లల క్లెయిములు, క్రెడిట్ నోట్లు, ఇన్సెంటివ్ షీట్లు నా టేబుల్ మీదుగానే పోతాయి. ఆ జీతం ఎట్లా వస్తుందో, ఎట్లా కరిగిపోతుందో రెండూ చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు నలభై వేల సంగతి తేల్చుకుందాం. నీకు రాసిచ్చింది ఏడాదికి 4,80,000 సీటీసీ, అంటే నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో 15 శాతం వేరియబుల్, అంటే టార్గెట్ కొడితేనే వచ్చే డబ్బు, అని మీ అమ్మ చదివి వినిపించింది. అంటే 72,000 పక్కన పెట్టెయ్. మిగిలింది 4,08,000, నెలకు 34,000. అందులో కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,800 కూడా నీ జీతంలోదే అని చూపిస్తారు. బేసిక్ 17,000 అయితే దాని మీద 4.81 శాతం, అంటే 818 రూపాయలు, గ్రాట్యుటీ పద్దుకు పోతుంది. అవి పోను నీ గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, 31,382. దాంట్లోంచి మళ్లీ నీ వాటా పీఎఫ్ 1,800, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. బ్యాంకులో పడేది 29,382. ఈ 1,800 అనేది పీఎఫ్‌కు ఉన్న 15,000 జీతం సీలింగ్ మీద వేసిన లెక్క. మొత్తం బేసిక్ మీద కడతామంటే అటూ ఇటూ 2,040 చొప్పున పోతుంది. చేతికి తగ్గినా ఆ డబ్బు నీదే, దానికి బాధపడకు. కొత్త విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు.

జీతం తక్కువని కాదు నేననేది. ఫ్రెషర్‌కి మార్కెట్లో నడుస్తున్న రేటే ఇది. డిస్ట్రిబ్యూటర్ తరఫున షాపులు తిరిగి ఆర్డర్లు రాసుకునే కుర్రాళ్లకు సుమారు 15 నుంచి 22 వేలు, అదీ చాలాచోట్ల వేరే ఏజెన్సీ పేరోల్ మీద. డిప్లొమా చేసి కంపెనీ రోల్స్‌లో చేరినవాళ్లకు 22 నుంచి 30 వేలు. బీటెక్ వాళ్లకు మొదట్లో ఏడాదికి మూడున్నర నుంచి ఐదు లక్షలు, మూడు నాలుగేళ్లు నిలబడితే ఆరు నుంచి తొమ్మిది, ఏరియా మేనేజరయ్యేసరికి పది దాటుతుంది. వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్ల వాళ్లకంటే ఫ్యాక్టరీలకు స్విచ్‌గేర్, మోటార్ల డ్రైవ్‌లు, ఆటోమేషన్ అమ్మేవాళ్లకు ఫిక్స్‌డ్ కాస్త ఎక్కువ ఉంటుంది. అక్కడ ఒక్కో ఆర్డరు తేలడానికి ఆరు నెలలు పట్టొచ్చు, అందాకా వేరియబుల్‌ని నమ్ముకుని ఎవడూ బతకలేడు. నువ్వు మాత్రం 29 వేలు వస్తాయనుకునే పీజీ చూసుకో, ఈఎంఐ పెట్టుకో. వేరియబుల్ వస్తే ఇంటికి పంపు.

ఆఫర్ లెటర్ ఏ కంపెనీ పేరు మీద ఉందో మొదట చూడు. బ్రాండ్ పేరు ఒకటి, కింద సంతకం ఇంకో ఏజెన్సీదీ అయితే నువ్వు ఆఫ్ రోల్ మనిషివి, అంటే కంపెనీ సొంత ఉద్యోగివి కావు. అదేం పాపం కాదు గానీ, ఆన్ రోల్‌కి ఎప్పుడు మారుస్తారో మాటతో సరిపెట్టకుండా కాగితం మీద అడుగు. జీతం కాదు, కమీషనే అంటే అసలు చేరకు. కమీషన్ మీద 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తే నువ్వు వాళ్ల ఉద్యోగివే కావు. పీఎఫ్ ఉండదు, లీవు ఉండదు, కాలు విరిగితే అడిగే నాథుడుండడు. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు.

ఇక వేరియబుల్. 72,000 అంటే మూడు నెలలకోసారి 18,000, అదీ టార్గెట్ నూటికి నూరు కొడితే. టార్గెట్‌లో 80 శాతం దాటకపోతే సున్నా అనే గేటు దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. రెండో గేటు కలెక్షన్‌ది. బిల్లింగ్ ఎంత చేసినా, గడువు దాటిన బాకీలు ఇంత శాతం మించితే సగం కోత. మూడోది ఎవరూ చదవని లైను: డబ్బు పంచే తేదీకి రోల్స్‌లో ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా కష్టపడి ఏప్రిల్‌లో రాజీనామా చేసినవాడికి, మే నెలలో పంచే ఇన్సెంటివ్ ఆ ఒక్క లైనుతో పోతుంది. నోటీసు పీరియడ్ తొంభై రోజులైతే ఆ రోజులు కూడా లెక్క వేసుకోవాలి.

టార్గెట్ రూపాయల్లోనా, కాయిల్స్‌లోనా? ఇది తప్పకుండా అడుగు. నువ్వు అమ్మేది వైరు, వైరంటే రాగి. రాగి రేటు ఎక్కితే కంపెనీ ప్రైస్ లిస్ట్ పెంచుతుంది, నిరుడు అమ్మినన్ని 90 మీటర్ల కాయిల్సే అమ్మినా రూపాయల టార్గెట్ దానంతటదే నిండుతుంది. ఆ క్వార్టర్లో అందరూ మొనగాళ్లే. రాగి దిగితే అవే కాయిల్స్, అదే తిరుగుడు, టార్గెట్ మాత్రం అందదు. ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, అంటే కరెంటు ట్రిప్ చేసే బ్రేకర్ల టార్గెట్ వైర్లతో కలిపేశారా, విడిగా ఉందా అనేది కూడా అడుగు. కలిపేస్తే అందరూ వైర్ల మీదే పడతారు, విలువ దాంట్లోనే పెద్దది కాబట్టి. విడిగా ఉంటే పీణ్యలో కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసే ప్యానెల్ బిల్డర్ల దగ్గర రోజులు పెట్టక తప్పదు. అక్కడ స్పెషల్ ప్రైస్ మెయిల్‌లో అప్రూవ్ కాకుండా కొటేషన్ ఇచ్చావంటే ఆ తేడా నీ మెడకు చుట్టుకుంటుంది. బెంగళూరు కన్సల్టెంట్ దగ్గర ప్రాజెక్టు స్పెక్‌లో (కొనాల్సిన సరుకు వివరాల్లో) మన బ్రాండు పెట్టించింది నువ్వు, బిల్లు పడింది హైదరాబాదు బ్రాంచిలో అయితే ఆ అమ్మకం ఎవరి టార్గెట్‌లోకి వస్తుంది, ఎంత వాటా అన్నది కూడా పాలసీలో ఉండాలి.

నీకంటే ముందు ఆ ఏరియా చూసినవాడు ఎందుకు వెళ్లిపోయాడో, గడిచిన పన్నెండు నెలల సేల్స్ నెలవారీగా ఎంతో అడిగి తీసుకో. మార్చి మాత్రమే పెద్ద అంకె, ఏప్రిల్, మే చతికిలపడి ఉన్నాయనుకో. ఆ మార్చి సరుకు ఇంకా షాపుల గోడౌన్లోనే ఉందన్నమాట. నీ టార్గెట్ మాత్రం ఆ ఉబ్బిన అంకె మీద ఇంకో పదిహేను శాతం కలిపి కడతారు.

మార్చిలో ఇలా అమ్ముడుపోని సరుకు షాపులకు తోయడం గురించి గట్టిగా చెప్పాలి. ఈ లైన్లో మంచి పిల్లలు పాడైపోయేది దీంతోనే. తాగుడుతో కాదు, దొంగతనంతో కాదు, మార్చి ఆఖరి వారంలో మొహమాటంతో.

ఎట్లా జరుగుతుందో లెక్కతో చెప్తా. క్వార్టర్ టార్గెట్ కోటీ ఇరవై లక్షలు. 80 శాతం గేటు అంటే 96 లక్షలు. మార్చి 25 నాటికి చేతిలో 91 లక్షలే ఉన్నాయి. ఐదు లక్షలు తక్కువ. మేనేజరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తాడు. 'ఎవరో ఒక పార్టీకి సరుకు వేసెయ్ రా, ఏప్రిల్లో చూసుకుందాం' అంటాడు. కుర్రాడు బీవీకే అయ్యంగార్ రోడ్డులో బాగా తెలిసిన డీలరు దగ్గరికి పోతాడు. ఆయన గోడౌన్లో ఒకటిన్నర, రెండున్నర స్క్వేర్ ఎంఎం కాయిల్స్ ఇప్పటికే పైకప్పు తాకుతున్నాయి. అయినా ఆయన కాదనడు. 'తీసుకుంటాను గానీ మూడు శాతం డిస్కౌంట్ ఎక్కువియ్యి, డబ్బు కట్టడానికి అరవై రోజులియ్యి' అంటాడు. కంపెనీ డీలర్లకు ప్రకటించిన డిస్కౌంట్ స్కీములో ఆ మూడు శాతం లేదు. కుర్రాడు 'నేను చూసుకుంటా సార్' అనేస్తాడు. ఈ మూడు మాటల ఖరీదు చూడు.

ఐదు లక్షల మీద మూడు శాతం 15,000. గేటు దాటినందుకు 80 శాతం లెక్కన వాడికి వచ్చే ఇన్సెంటివ్ 14,400. అంటే రావాల్సినదానికంటే ఆరు వందలు ఎక్కువకే మాటిచ్చేశాడు. జీఎస్టీతో కలిపి డీలరు పేరున 5,90,000 బిల్లు లేచింది. మే నెలాఖరుకు డబ్బు కట్టాలి. సరుకు కదల్లేదు, మీదినుంచి రాగి దిగింది, కంపెనీ ప్రైస్ లిస్ట్ తగ్గించింది. డీలరు ఇప్పుడు మూడు శాతంతో పాటు రేటు తేడా కూడా అడుగుతాడు. 'నువ్వే కదా వేశావు' అంటాడు. క్లెయిము రాసి బ్రాంచికి పంపుతారు. నాలాంటిది టేబుల్ దగ్గర స్కీమ్ సర్క్యులర్ పక్కన పెట్టుకుని చూస్తుంది, ఆ మూడు శాతానికి అప్రూవల్ ఎక్కడా ఉండదు, రిజెక్ట్ అని రాస్తుంది. రాసేటప్పుడు బాధేస్తుంది రా, కానీ రాయాలి. ఆ కాగితం తిరిగొచ్చాక డీలరు బాకీ ఆపేస్తాడు, గడువు మీరిన బాకీల గేటు మూసుకుంటుంది, ఏప్రిల్ నుంచి జూన్ ఇన్సెంటివ్ పోతుంది. కొత్త ఆర్డర్లు ఆ షాపు నుంచి రావు. అప్పుడు కుర్రాడు పక్క షాపుకు వచ్చిన క్రెడిట్ నోట్ (బాకీ తగ్గించే కాగితం) దీనికి సర్దుతాడు, దానికి ఇంకొకటి. సంవత్సరం తిరిగేసరికి ఎవరికి ఎంతివ్వాలో వాడికే తెలియదు. ఉద్యోగం మానేద్దామంటే బాకీ ఇంతేనని ఒప్పుకునే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద డీలర్లు సంతకం పెట్టరు, వెళ్లేటప్పుడు రావాల్సిన ఫుల్ అండ్ ఫైనల్ లెక్క ఆగిపోతుంది.

మరి ఏం చేయాలి అంటావా? ఆ ఐదు లక్షలు పోనీ. గేటు కింద ఆగిపో. 14,400 పోతుంది, అంతే. మేనేజరు తిట్టినా గమ్మున ఉండు. వేయక తప్పదంటే 'స్కీమ్, క్రెడిట్ రోజులు మెయిల్‌లో పెట్టండి సార్, ఇప్పుడే బిల్ చేయిస్తా' అను. మెయిల్ వస్తే నీకు భయం లేదు. రాదు, చూడు. డీలరుతో ఏం మాట్లాడినా అదే రోజు వాట్సాప్‌లో 'మీతో అనుకున్నది ఇదీ' అని సరుకు, రేటు, స్కీమ్, గడువు నాలుగూ రాసి పంపు. నెలకోసారి ప్రతి షాపులో స్టాకు కళ్లారా చూసి ఏ సైజు ఎన్ని కాయిల్స్ ఉన్నాయో రాసుకో. కంపెనీ బిల్లు చేసింది ప్రైమరీ, షాపులోంచి బయటికి పోయింది సెకండరీ. రెండోది కదలకుండా మొదటిది ఎంత తోసినా నీకే ఎదురు తిరుగుతుంది.

నిన్నెందుకు ఇంతగా సతాయిస్తున్నానంటే, చిన్నప్పటి నుంచీ నువ్వు కాదనలేవు. చుట్టాలు నూరు రూపాయలిచ్చినా తీసుకోవడానికి సిగ్గు, పక్కింటివాళ్లు పనులు చెప్తే మాత్రం పరిగెత్తుతావు. కంపెనీని ఏదీ అడగవు, డీలరుకు దేన్నీ కాదనవు. సేల్స్‌లో సరిగ్గా ఆ రెండూ తిరగబడాలి. నీ మంచితనం మార్చుకోమనట్లేదమ్మా, దాన్ని కంపెనీ ఖాతాలో ఖర్చు పెట్టొద్దంటున్నా.

నగదు ముట్టుకోకు. డీలరు 'ఈ డబ్బు కట్టేసెయ్' అని కవరు చేతిలో పెడితే, ఆన్‌లైన్లో వేయమను. ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టమే చెప్తుంది. చట్టం సంగతి తర్వాత, కేఆర్ మార్కెట్ జనంలో ఆ కవరు జేబులో పెట్టుకుని నువ్వు తిరుగుతుంటే నాకు నిద్ర పట్టదు.

బండి ఇంకో భయం. రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, 1,500 కిలోమీటర్లు. లీటరుకు 45 వచ్చినా 33 లీటర్లు, లీటరు 103 అనుకుంటే దాదాపు 3,400 పెట్రోలుకే. టైర్లు, ఆయిలు, సర్వీసు వేరే. నెలకు 3,000 ఫిక్స్‌డ్ కన్వేయన్స్ అంటే నీ జేబులోంచి పోతున్నట్లే, కిలోమీటరుకు ఇంత అని అడుగు. అయినా చిక్‌పేట, పీణ్య రెండూ గ్రీన్ లైన్ మెట్రో మీదే ఉన్నాయి కదా. చిక్‌పేటలో బండి పెట్టుకునే చోటే దొరకదు. మెట్రోలో పో, కార్డు స్టేట్‌మెంట్ పెట్టి క్లెయిము చేసుకో. తుమకూరు రోడ్డు లారీల మధ్య వానలో బండి నడిపావని తెలిస్తే మాత్రం నేనే మీ మేనేజరుకు ఫోన్ చేస్తా, చెప్తున్నా.

క్లెయిములు ఏ నెలవి ఆ నెలే వేసెయ్, చాలా కంపెనీలు పాతబడితే ఇవ్వవు. చేరాక రెండు నెలలకు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి డబ్బు పడుతోందో లేదో చూసుకో. నాలుగు కన్నడ ముక్కలు నేర్చుకో, షాపుల్లో హిందీతో పని జరుగుతుంది గానీ కౌంటర్ కుర్రాళ్లు, ఎలక్ట్రీషియన్లు నీవాళ్లయ్యేది కన్నడతోనే.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. హెచ్‌ఆర్‌కి ఈ రోజే మెయిల్ పెట్టు: ఇన్సెంటివ్ పాలసీ కాపీ, ట్రావెల్ పాలసీ కాపీ, నోటీసు పీరియడ్, ఏరియా గత ఏడాది సేల్స్ అంకెలు. 'అవన్నీ చేరాక చూపిస్తాం' అంటే, కనీసం గేటు ఎంత, ఎన్ని నెలలకోసారి ఇస్తారు అనే రెండు ముక్కలైనా మెయిల్‌లో రాయించుకో. వచ్చిన జవాబు నాకు వాట్సాప్ చెయ్, శనివారం మధ్యాహ్నం తీరిగ్గా చూసి ఎక్కడ ఏం అడగాలో గీసి పంపుతా. అందాకా సంతకం పెట్టొద్దు. మీ అమ్మ తొందర పెడితే పెద్దమ్మ ఆగమందని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ