సామ్ డాట్ గవ్‌లో వ్యాలిడేషన్ దగ్గర ఆగిపోతే

అమెరికాలో మీ చిన్న ఐటీ కంపెనీని ఫెడరల్ కాంట్రాక్టుల కోసం సామ్ డాట్ గవ్ (SAM.gov) అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తుంటే, కంపెనీ పేరు, అడ్రస్ సరైనవేనా అని చూసే ఎంటిటీ వ్యాలిడేషన్ దగ్గర ఆగిపోయిందని, ఇంతలో డబ్బు కడితే పని పూర్తి చేస్తామని ఎవరో మెయిల్ పంపారని రాశారు. ముందు ఆ మెయిల్ డిలీట్ చేసేయండి. రిజిస్ట్రేషన్ ఉచితం, ఏటా చేసే రెన్యువల్ కూడా ఉచితమే.

చిక్కు చాలావరకు పేరు, అడ్రస్‌ల దగ్గరే వస్తుంది. రాష్ట్రంలో కంపెనీ రిజిస్టర్ చేసిన పత్రం ముందు పెట్టుకుని, పేరు పొల్లుపోకుండా అలాగే కొట్టండి. అడ్రస్‌గా పీవో బాక్స్ పనికిరాదు. మీరు పాత ఇంటి నుంచి ఆఫీసుకు మారామన్నారు కదా, నాకైతే అనుమానం అక్కడే: పత్రంలో పాత అడ్రస్ ఉండి, మీరు కొత్తది ఇచ్చి ఉంటారు. అలాగైతే ఆ పత్రంతో పాటు, కంపెనీ పేరు, కొత్త అడ్రస్ రెండూ కనిపించే కరెంటు బిల్లో బ్యాంక్ స్టేట్‌మెంటో జతచేయండి.

ఇది దాటాక పన్ను వివరాలు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గరున్న పేరుతో సరిచూస్తారు. ఈఐఎన్ (కంపెనీ పన్ను నంబర్) ఇచ్చినప్పుడు వచ్చిన ఉత్తరం చూసి నింపండి. తర్వాత కేజ్ కోడ్ (కాంట్రాక్టుల కోసం ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే కోడ్) దానంతటదే వస్తుంది.

డన్స్ నంబర్ (ఇదివరకు అడిగిన కంపెనీ గుర్తింపు నంబర్) గురించి టెన్షన్ వద్దు, 2022 ఏప్రిల్‌లోనే దాని స్థానంలో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 12 ఉండే యూఈఐ అనే గుర్తింపు కోడ్ వచ్చింది. అన్నట్టు, మీరు సబ్‌కాంట్రాక్టరుగా మాత్రమే చేయాలనుకుంటే సాధారణంగా యూఈఐ ఒక్కటి తీసుకుంటే చాలు. స్వయంగా బిడ్ వేయాలంటే మాత్రం పూర్తి రిజిస్ట్రేషన్ కావాలి, గడువు ముంచుకొచ్చేదాకా ఆగకండి.