కల్లు తాగితే గానీ పనికి వెళ్లలేకపోతున్నా.. పొత్తికడుపులో నొప్పి, హెచ్‌ఐవీ భయం

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. వరంగల్‌లో ఉంటాను. సెక్స్ వర్క్ చేసి ఇద్దరు పిల్లల్ని సాదుకుంటున్నా. చాలా ఏళ్లుగా కల్లు తాగితే గానీ పనికి వెళ్లలేను. మూడు వారాల కింద మత్తులో ఉన్నా, కండోమ్ వాడారో లేదో గుర్తు లేదు. వారం నుంచి వాసనతో తెల్లబట్ట అవుతోంది, పొత్తికడుపు నొప్పి. హెచ్‌ఐవీ వచ్చిందేమోనని టెన్షన్. రేపటి నుంచే కల్లు మానేద్దామనుకుంటున్నా. ఆస్పత్రికి పోతే అందరికీ తెలుస్తుందని భయం.

జవాబు: అమ్మా, ముందు కల్లు సంగతి. రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. మన దగ్గర చాలాచోట్ల కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు, ఏళ్లుగా వాటికి అలవాటు పడ్డ ఒంటికి అవి ఉన్నట్టుండి అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. 2015లో మందు కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్ వైపు ఎంతోమంది ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యుల్ని కలిస్తే మందులిస్తూ మెల్లగా తగ్గిస్తారు. అప్పటిదాకా కల్లు మీద బ్రాందీ గానీ నిద్ర మాత్రలు గానీ వద్దు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఎలాగూ తాగుతున్నారు కాబట్టి పని అయ్యాకే తాగండి, గిరాకీ పోసిన గ్లాసు ముట్టొద్దు. మత్తులో ఉంటే కండోమ్ లేకుండా కుదరదని గట్టిగా చెప్పలేరు, వాడిందీ లేనిదీ కూడా తెలియదు. మీకు జరిగింది అదే. ఇందులో మీ తప్పు వెతకడం లేదు నేను.

నొప్పి మాత్రం ఆగేది కాదు, రేపే ఓపీకి వెళ్లండి. గనేరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధులు ఆడవాళ్లలో చాలాసార్లు బయటపడకుండానే గర్భసంచి, ట్యూబుల దాకా పాకుతాయి. జ్వరం, వాంతులు ఉన్నా, నెల తప్పినా ఓపీ టైమ్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, ట్యూబులో గర్భం నిలిచినా ఇలాగే నొప్పి వస్తుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్‌లో పరీక్ష, మందులు ఉచితం. ఇన్ఫెక్షన్ తగ్గడానికి మెట్రోనిడజోల్ మాత్రలు ఇస్తే వాటితో కల్లు, బ్రాందీ పడకపోవచ్చు, అందుకే కల్లు అలవాటు డాక్టర్‌కు దాచొద్దు.

హెచ్‌ఐవీ రాకుండా వాడే 28 రోజుల మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఆ గడువు దాటిపోయింది. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే తెల్లారేదాకా ఆగకండి. ఇప్పుడు ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) రక్త పరీక్ష చేయించుకోండి, సిఫిలిస్, హెపటైటిస్-బి కూడా. నెగెటివ్ వచ్చినా అంతటితో వదిలేయకుండా, ఆ రోజు నుంచి మూడు నెలలు నిండాక మరోసారి చేయించాలి. మీ ఫలితం బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెబుతారు.