మీరు అడిగారు, మేం చెప్తున్నాం: డైనోసార్ల పేర్ల గొడవ

ప్రశ్న: బ్రాంటోసారస్ అనకూడదు, అపటోసారస్ అనాలి అని చిన్నప్పుడు చదివాం. ఇప్పుడు మా అబ్బాయి పుస్తకంలో మళ్లీ బ్రాంటోసారస్ అని ఉంది. ఈ పేర్లు మార్చేదెవరండీ, దీనికేమైనా కోర్టు ఉందా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఉందండీ, అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ అని 1895 నుంచీ ఉంది, కానీ మీరడిగిన కేసు దాని దాకా వెళ్లనే లేదు. మార్ష్ అనే అమెరికన్ 1877లో అపటోసారస్ అని, 1879లో బ్రాంటోసారస్ అని రెండు పేర్లు పెట్టాడు, 1903లో రిగ్స్ వచ్చి రెండూ ఒకటే జీనస్ (దగ్గరి జాతుల గుంపు) అన్నాడు, అప్పుడు ముందు పెట్టిన పేరే నిలవాలనే రూల్ ప్రకారం బ్రాంటోసారస్ పోయింది. 2015లో ముగ్గురు పరిశోధకులు ఎముకల్ని పోల్చి చూసి, ‘కాదు, వేరు వేరే’ అన్నారు, పేరు తిరిగొచ్చింది. అంటే రెండు జంతువులు ఒకటా కాదా అనేది సైన్స్ తేల్చుకోవాలి, ఒకటే అయితే ఏ పేరు వాడాలి అనేది రూల్ చెప్తుంది. జనం ఈ రెండూ కలిపేసి కమిషన్‌ని తిడుతుంటారు పాపం.

కమిషన్‌కి అసలు పని పడేది టైప్ స్పీసీస్ (జీనస్ పేరుకి ఆధారంగా పెట్టుకున్న జాతి) దగ్గర. ప్రతి జీనస్ పేరూ ఒక స్పీసీస్‌కి, ఆ స్పీసీస్ పేరు మళ్లీ మ్యూజియంలో ఉన్న ఏదో ఒక నమూనాకి కట్టేసి ఉంటుంది, అదే గుంజ. ఆ నమూనా నాలుగు విరిగిన ఎముకలైతే? స్టెగోసారస్‌కి సరిగ్గా ఇదే జరిగింది. 1877 నాటి టైప్ స్పీసీస్ స్టెగోసారస్ అర్మాటస్, దాని ఎముకలు చూసి ఇది ఫలానా జంతువే అని గట్టిగా చెప్పలేని పరిస్థితి, మనం బొమ్మల్లో చూసేదేమో 1887లో పేరు పెట్టిన స్టెనాప్స్, దానికి దాదాపు పూర్తి అస్థిపంజరం ఉంది. గాల్టన్ అనే శాస్త్రవేత్త అర్జీ పెట్టాడు, కమిషన్ అందరి అభిప్రాయాలూ అడిగి ఓటింగ్ పెట్టి 2013లో గుంజ మార్చేసింది, ఇప్పుడు టైప్ స్పీసీస్ స్టెనాప్స్.

అలాగని అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తారనుకోకండి. డిప్లోడోకస్‌కి కూడా టైప్ స్పీసీస్‌గా పాత లాంగస్ బదులు కార్నెగీ అనే స్పీసీస్‌ని పెట్టమని అడిగితే 2018లో కుదరదన్నారు. నా మటుకు నాకు అక్కడ ఒప్పుకోవాల్సింది అనిపిస్తుంది, ప్రపంచంలో చాలా మ్యూజియాల్లో నిలబెట్టింది డిప్లోడోకస్ కార్నెగీ అస్థిపంజరం అచ్చే మరి, ఎవరూ పెద్దగా చూడని లాంగస్ తోక ఎముకల మీద పేరు వేలాడదీయడం ఏం బాగుంటుంది.

ప్రశ్న: డైనోసార్‌కి మన ఊరి పేరు పెట్టొచ్చా? (ఒక విద్యార్థి, మంచిర్యాల)

జవాబు: పెట్టేశారు కూడా! 1988లో యాదగిరి గారు పేరు పెట్టిన కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్‌లో రెండో ముక్క యమన్‌పల్లి ఊరిదే, ఆ చివరి ఎన్సిస్ అంటే ఆ చోటుది అని. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, వెళ్లి చూడు. నువ్వే పేరు పెట్టాలంటే మాత్రం ఊరికే ఫేస్‌బుక్‌లో రాస్తే చెల్లదు, వర్ణనతో సహా జర్నల్‌లో అచ్చవ్వాలి, ఏ నమూనా మీద పెట్టావో, అది ఎక్కడుందో చెప్పాలి, ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే జర్నల్ అయితే జూబ్యాంక్ అనే జంతు పేర్ల ఆన్‌లైన్ చిట్టాలో రిజిస్టర్ కూడా చేయాలి.