వాచీ చూపే క్యాలరీలు నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, 68 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం. రోజూ పొద్దున కేబీఆర్ పార్కులో 45 నిమిషాలు నడుస్తాను. యాప్‌లో ‘మోస్తరు చురుకు’ అని పెట్టి, వాచీని దానికి కలిపాను. రోజుకు 2,190 క్యాలరీలు ఖర్చవుతున్నాయంటోంది. 1,700 దాటకుండా తింటున్నా రెండు నెలలుగా బరువు కదల్లేదు. ఎందుకని?
– పాఠకురాలు, యూసఫ్‌గూడ

జవాబు: మీ నడక రెండుసార్లు లెక్కకొస్తోంది.

వాచీ క్యాలరీలను కొలవదు. అది పట్టేది చేతి కదలికను, నాడిని. వెనకవైపు ఆకుపచ్చ లైటు నాడిని చూస్తుంది. మిగతాదంతా మీరు నింపిన వయసు, బరువు, ఎత్తులతో వేసే అంచనా. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఏడు పరికరాలను పరీక్షిస్తే, నాడి విషయంలో ఆరింటి తేడా 5 శాతం లోపే ఉంది. క్యాలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది!

ఇక మీ లెక్క. చాలా యాప్‌లు వాడే మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రంలో బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చవేసి కలుపుతారు. వయసుకు 5 రెట్లు తీసేస్తారు. ఆడవాళ్లకైతే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లకు 5 కలపాలి. మీకు 680 + 987.5 – 210 – 161, అంటే సుమారు 1,297. రోజంతా మంచం దిగకపోయినా ఇంత ఖర్చవుతుంది. ‘మోస్తరు చురుకు’ అంటే దీనికి 1.55 రెట్లు, 2,010. ఆ 1.55లో వ్యాయామం ఉండనే ఉంది. దాని మీద వాచీ పంపిన నడక 178 కలిసి 2,190 దగ్గరికి చేరింది.

ఆ 178 కూడా పూర్తిగా నడకది కాదు. మామూలు వేగం నడక 3.5 మెట్‌లు (మెట్లెక్కడం కాదు లెండి, ఒక మెట్ అంటే కిలో బరువుకు గంటకు దాదాపు ఒక క్యాలరీ). అందులో ఆ 45 నిమిషాలూ ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 51 తీసేస్తే మిగిలేది 127. కూర్చుని చేసే పనికి 1.2 రెట్లు, అంటే 1,556. దానికి 127 కలిపితే 1,683. మీరు తింటున్నదీ దాదాపు అంతే. బరువు ఎలా తగ్గుతుంది?

యాప్‌లో ‘కూర్చుని చేసే పని’ అని మార్చి వాచీని అలాగే ఉంచండి.   అన్నం తూచేటప్పుడు బియ్యమా, వండిందా అన్నది చూసి ఎంచుకోండి: 100 గ్రాముల బియ్యం 350 క్యాలరీల పైమాటే, వండిన అన్నం 130 చిల్లర. పోపు నూనె టేబుల్‌స్పూనుకు 120; దాన్ని రాయడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. రెండు వారాలు పరగడుపున బరువు చూసి, వారం సగటులు పోల్చండి. తగ్గకపోతే తిండిలో 200 తగ్గించండి. షుగరుకు మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగండి.

ప్రశ్న: మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి బైకు మీద వెళ్తేనే అడుగులు పెరుగుతున్నాయి. క్యాలరీలూ కలుస్తాయా?
– పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: కలుస్తాయి. గతుకుల్లో హ్యాండిల్ అదురు చేతికి వస్తుంది, వరసగా వస్తే వాచీ నడకనుకుంటుంది. పట్టీ వదులైతే మరీనూ. మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారకుండా పెట్టుకోండి. సూపర్‌మార్కెట్లో ట్రాలీ తోసేటప్పుడు దీనికి తలకిందులు: చెయ్యి ఊగదు కాబట్టి నడిచిన అడుగులే పోతాయి.